రిటైరయ్యాక ఏ దేశం? ముందు ఎనభయ్యో ఏటి లెక్క చూడండి

విదేశాల్లో రిటైర్ అవ్వాలనుకునేవాళ్లకు ఏ దేశం మేలో చెప్పే లిస్టులు ఏటా వస్తుంటాయి. వాటిలో బాగా పేరున్నది ఇంటర్నేషనల్ లివింగ్ పత్రిక వేసే సూచీ. అందులో 2023లో పోర్చుగల్ ఫస్టు. 2024లో కోస్టారికా. 2025లో పనామా. ముసలితనం గడపడానికి చోటు వెతుక్కునే మనిషి ఇరవై ఏళ్ల కోసం వెతుక్కుంటాడు. ఏడాదికోసారి మారే ర్యాంకుతో అతనికేం పని? బ్యాంకులో ఉద్యోగమంతా అప్పు దరఖాస్తులు చూసి చూసి నాకొక అలవాటు పడింది. ఎవరైనా లాభం గురించి మరీ ఎక్కువ చెప్తుంటే, వాయిదా కట్టలేని నెల వస్తే ఏం చేస్తావని అడుగుతాను. ఈ లిస్టుల్లో ఆ ప్రశ్నే ఉండదు. బాడుగ ఎంత, కాఫీ ఎంత, ఎండ ఎంత, ఇంటర్నెట్ ఎంత స్పీడు, ఇవే ఉంటాయి.

ఈ గోల నాకెందుకంటే, మా అనంతపురం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున నడిచే మా బ్యాచ్‌లో ఇప్పుడు ఇదే చర్చ. అందరం పెన్షనర్లమే. ఒక లెక్చరర్ మిత్రుడు యూట్యూబ్‌లో వీడియోలు చూసి వస్తాడు. "ఈడ ఏముండాదప్పా? మే నెల వస్తే 42 డిగ్రీలు. కొళాయి ఎప్పుడొస్తుందో తెలీదు. థాయిలాండ్‌లో మన పెన్షన్‌కు రాజా మాదిరి బతకొచ్చంట" అంటాడు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. అనంతపురం ఎండను, నీళ్ల కరువును నేను వెనకేసుకు రాను. నా పేచీ వేరే చోట ఉంది. ఆ వీడియోల్లో కనిపించే మనిషికి అరవై రెండేళ్లు. మోకాళ్లు బాగున్నాయి, షుగర్ కంట్రోల్‌లో ఉంది, భార్య పక్కనే ఉంది. అదే మనిషికి ఎనభై వచ్చాక వీడియో తీసినవాళ్లు ఎవరూ నాకు కనిపించలేదు.

థాయిలాండ్ సంగతే చూద్దాం. యాభై దాటినవాళ్లకు రిటైర్మెంట్ వీసా ఇస్తుంది. అక్కడి బ్యాంకులో 8 లక్షల బాత్ డిపాజిట్ చూపాలి, లేదా నెలకు 65 వేల బాత్ ఆదాయం చూపాలి. డిపాజిట్ మన డబ్బుల్లో 20 లక్షలు దాటుతుంది, నెలసరి ఆదాయమైతే లక్షన్నర పైమాటే. మా గ్రౌండ్‌లో నడిచేవాళ్లలో అంత పెన్షన్ ఎవరికీ లేదు. కాబట్టి డిపాజిట్ పెట్టక తప్పదు. ఆ డబ్బు ఎప్పుడు పడితే అప్పుడు తీసుకునేది కూడా కాదు. దరఖాస్తుకు ముందు రెండు నెలలు, తర్వాత మూడు నెలలు కదిలించకూడదు, మిగతా ఏడాదంతా సగానికి తగ్గకూడదు. 90 రోజులకోసారి ఫలానా చోట ఉన్నానని ఇమిగ్రేషన్ వాళ్లకు తెలపాలి. ఓ-ఏ రకం వీసా తీసుకుంటే 2019 నుంచి ఆరోగ్య బీమా తప్పనిసరి. ఇదంతా చేస్తే దక్కేది ఒక ఏడాది. మళ్లీ ఏడాదికి మళ్లీ మొదలు. పదకొండు నెలల బాడుగ అగ్రిమెంటు లాంటిదన్నమాట, ఓనరు ఎంత మంచివాడైనా ఇల్లు మనది కాదు. అరవై రెండేళ్లప్పుడు ఆ రెన్యువల్ ఒక పూట పని. ఎనభై ఏళ్లప్పుడు, పక్షవాతం వచ్చి మంచంలో ఉన్నప్పుడు, బీమా కంపెనీ ఇక ఇవ్వనన్నప్పుడు, అది పూట పని కాదు.

ఓనరు మనసు మారడం గురించి మలేషియా వెళ్లినవాళ్లను అడగాలి. మలేషియా మై సెకండ్ హోమ్ అనే పథకం 2002లో వచ్చింది. చాలామంది నమ్మి వెళ్లారు. 2020లో ఆపేశారు. 2021లో మళ్లీ తెరిచేసరికి నెలకు 40 వేల రింగిట్ల ఆదాయం, 10 లక్షల రింగిట్ల డిపాజిట్ అన్నారు. ముందు ఇది పాతవాళ్లకు కూడా వర్తిస్తుందన్నారు. గోల జరిగాక వాళ్లను మినహాయించారు. ఇప్పుడు సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని మెట్లు పెట్టారు, ఈ మూడింటిలో కింది మెట్టుకే లక్షన్నర డాలర్ల డిపాజిట్, పైగా అక్కడ ఇల్లు కొనాలి. బ్రిటన్ తన రిటైర్మెంట్ దారిని 2008లోనే మూసేసింది. ఆస్ట్రేలియా 2018లో మూసేసింది. పోర్చుగల్ విదేశీ పెన్షనర్లకు ఇచ్చిన పన్ను రాయితీని ముందు తగ్గించి, 2024 నుంచి కొత్తవాళ్లకు ఎత్తేసింది. వీళ్లెవరూ మోసం చేశారని నేననను. వాళ్ల దేశం, వాళ్ల ఇష్టం. కాకపోతే మనం ఇక్కడి ఇల్లు అమ్మేసి వెళ్లేది వాళ్ల ఇష్టాన్ని నమ్ముకునే.

మా రాయలసీమకు ఈ పాఠం కొత్త కాదు. కడప వైపు రాయచోటి, రాజంపేట ఊళ్లలో ఏ వీధిలో అడిగినా కువైట్ చూసొచ్చినవాళ్లు ఉంటారు. మా చిన్నాయన కొడుకు అక్కడ ఒక కంపెనీలో డ్రైవరుగా చేశాడు. వయసంతా ఆ ఎండలోనే పోయింది. అరబ్బీ మనవాళ్ల తెలుగంత ధారాళంగా మాట్లాడతాడు. డిగ్రీ లేకుండా అరవై దాటినవాళ్లకు వర్క్ పర్మిట్ రెన్యువల్ చేయబోమని 2021లో అక్కడ రూలు పెట్టారు. తర్వాత ఫీజు కట్టి, బీమా తీసుకుంటే చేస్తామని సడలించారు గానీ, ఆ లెక్క చూసుకుని మావాడు మూట సర్దుకున్నాడు. ఎన్నేళ్లు పనిచేసినా ఆ దేశంలో ముసలివాడయ్యే హక్కు మాత్రం రాలేదు. దుబాయ్‌లో ఇప్పుడు 55 దాటినవాళ్లకు ఐదేళ్ల రిటైర్మెంట్ వీసా ఉంది. 10 లక్షల దిర్హాముల ఆస్తో, అంత పొదుపో, లేకపోతే పెద్ద నెలసరి ఆదాయమో చూపాలి. 10 లక్షల దిర్హాములంటే రెండు కోట్ల పైన. మావాడి లాంటి వాళ్ల కోసం పెట్టింది కాదని వేరే చెప్పాలా?

ఇదే సంగతి అవతలి వైపు నుంచి ఎలా ఉంటుందో కూడా మా జిల్లావాళ్లం చూశాం. పుట్టపర్తిలో. ఇప్పుడది వేరే జిల్లా అయింది గానీ మాకు ఇంకా మా ఊరే. ప్రశాంతి నిలయం చుట్టుపక్కల వీధుల్లో ఎన్నో దేశాల వయసు మళ్లినవాళ్లు గదులు తీసుకుని ఉండేవాళ్లు. మన దేశంలో రిటైర్మెంట్ వీసా అనేదే లేదు. టూరిస్టు వీసా మీద ఒక్క విడతలో ఆరు నెలలకు మించి ఉండనివ్వరు. నాకు తెలిసిన ఒక ఇటలీ పెద్దావిడ కొలంబోకో, ఖాట్మండుకో పోయి మళ్లీ వస్తుండేది. "బాగుండారా సార్" అని పలకరించేది, ఉగ్గాని బజ్జీ ఇష్టంగా తినేది. ఒకసారి మెట్ల మీద జారి తుంటి ఎముక విరిగింది. చూసుకోవడానికి మనుషులు దొరికారు, డాక్టరు దొరికాడు. దొరకనిది గడువు. ఇంటి ఓనరు ప్లాస్టిక్ కవర్లో ఆమె పాస్‌పోర్టు జిరాక్సులు, ఎక్స్‌రే, తాను విదేశీయురాలికి గది ఇచ్చినప్పుడు పెట్టిన ఫారం సి కాపీ వేసుకుని పొడిగింపు కోసం తిరిగాడు. ఆయన కిరాణా కొట్టు మనిషి. ఆ ఫారంలో ఏ గడిలో ఏం రాయాలో నన్ను అడగడానికి బ్యాంకుకు వచ్చాడు. చివరికి కొంచెం నడవగలిగాక ఆమె వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

అంతెందుకు, విన్సెంట్ ఫెర్రర్ అంతటి మనిషినే ఈ దేశం 1968లో పొమ్మంది. మహారాష్ట్రలో పనిచేస్తున్న ఆ స్పెయిన్ దేశస్థుడు మరుసటి ఏడు తిరిగొచ్చి, అనంతపురంలో ఆర్‌డీటీ అనే సేవాసంస్థ పెట్టి, 2009లో ఇక్కడే కన్నుమూశాడు. బత్తలపల్లిలో ఆయన సమాధి ఉంది. ఆయన వెనక వేలమంది జనం నిలబడ్డారు కాబట్టి ఉండగలిగాడు. మన వెనక థాయిలాండ్‌లో ఎవరు నిలబడతారు?

ఇక డబ్బు. వీడియోల వాళ్లు చెప్పే డాలర్ల లెక్క అమెరికా వాడికి సరిపోతుంది, ఎందుకంటే అతని పెన్షన్ డాలర్లలోనే వస్తుంది. పనామా చూడండి, జీవితాంతం వచ్చే పెన్షన్ నెలకు 1,000 డాలర్లుంటే చాలు, పెన్షనాడో వీసా ఇస్తుంది. విమానం టికెట్టుకు, హోటల్ భోజనానికి రాయితీలు కూడా. 2010లో డాలరు 45 రూపాయల చుట్టూ ఉండేది. అప్పట్లో 50 వేల పెన్షన్ ఉన్నాయన దగ్గర 1,100 డాలర్లు ఉన్నట్టు. 2024లో డాలరు 83 దాటింది. అదే 50 వేలు 600 డాలర్లయ్యాయి. డీఏ పెరుగుతుంది కదా అంటారు. పెరుగుతుంది, మన దేశంలో కార్మికులు కొనే బియ్యం, పప్పు, బాడుగల ధరలతో పాటు పెరుగుతుంది. లిస్బన్‌లో బాడుగ పెరిగితే మన డీఏకు తెలీదు. బ్యాంకు పెన్షనర్ల పరిస్థితి ఇంకా అన్యాయం. 1995 నాటి పెన్షన్ రెగ్యులేషన్ల కింద ఖాయమైన మూల పెన్షన్‌ను తర్వాతి జీతాల ఒప్పందాలతో పాటు సవరించడమే లేదు. ముందు రిటైరైనవాడికి మూల పెన్షన్ అక్కడే ఆగిపోయింది. దాని మీద మా సంఘాల పోరాటం వేరే కథ, ఇక్కడ వద్దు.

పన్ను సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి కాస్త ఆగి చెప్తాను. పూర్తిగా వెళ్లిపోయి ఇక్కడ రెసిడెంట్ కాకుండా పోతే, మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ, అంటే నాన్ రెసిడెంట్ల ఖాతాగా మార్చాలి. దాని వడ్డీ మీద 30 శాతం టీడీఎస్, అంటే బ్యాంకు ముందే కోసే పన్ను, సెస్సు అదనం. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో కొత్తగా డబ్బు పెట్టలేం. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా పన్ను లేకుండా చేసే రిబేటు 2025-26 నుంచి ఉంది కదా, అది రెసిడెంట్లకే. ఎన్ఆర్ఐకి 4 లక్షలు దాటితే పన్ను మొదలు. పన్ను ఒప్పందాల కింద కొంత ఊరట దొరకొచ్చు, కానీ దానికి అక్కడి టాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ కావాలి, ఫారాలు నింపాలి. థాయిలాండ్ కూడా 2024 నుంచి ఏడాదిలో 180 రోజులు ఉన్నవాళ్లు బయటి నుంచి తెచ్చుకునే ఆదాయాన్ని పన్ను కిందికి తెచ్చింది. ఇక్కడ రెసిడెంట్‌గానే ఉంటూ బయటికి డబ్బు పంపాలంటే ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు, కానీ 10 లక్షల రూపాయలు దాటిన దాని మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది. రిటర్న్ వేశాక వెనక్కి వస్తుంది, వచ్చేదాకా ఆగాలి. బాడుగ ఆగదు.

నవంబరు నెల ఇంకో పరీక్ష. లైఫ్ సర్టిఫికెట్. పెన్షన్ కౌంటర్లో కూర్చున్న రోజుల్లో నేను చూసిన బొటనవేళ్లు ఇన్నీ అన్నీ కావు. మిషన్ మీద పెట్టిస్తే ఎర్ర లైటు. చొక్కా అంచుతో తుడిచి పెట్టిస్తే మళ్లీ ఎర్ర లైటు. ఒకాయన జీవితమంతా నోట్ల కట్టలు లెక్కపెట్టిన క్యాషియరు, గీతలన్నీ అరిగిపోయాయి. పది వేళ్లూ వరసగా పెట్టించాం. ఎడమచేతి ఉంగరం వేలు దగ్గర పచ్చ లైటు వెలిగితే, కౌంటరు ముందున్న క్యూ అంతా "పడిందప్పా" అని అరిచారు. ఇప్పుడు ముఖం చూపిస్తే చాలనే యాప్ వచ్చింది, మంచిదే. విదేశం నుంచి కూడా పని జరుగుతుంది, ఎంబసీ ద్వారా కూడా చేయొచ్చు. కానీ యాప్ మొరాయించినప్పుడు చొక్కా అంచుతో వేలు తుడిచే గుమాస్తా అక్కడ ఉండడు. బ్యాంకు ఓటీపీ మన సిమ్ముకే వస్తుంది. ఆ సిమ్ముకు రీచార్జి అయిపోతే పెన్షన్ మొత్తం తాళం పడినట్టే.

ఇన్ని చెప్పాక నా లిస్టు ఏదని అడుగుతారు. నేను దేశాలను ఒకే ఒక్క గీటురాయి మీద గీస్తాను. అక్కడ ఉన్నకొద్దీ మన కాగితం గట్టిపడుతుందా, లేక ఏటా అంతే పలచగా ఉంటుందా? అలా చూస్తే కోస్టారికా పైకొస్తుంది. నెలకు 1,000 డాలర్ల పెన్షన్ చూపిస్తే రెసిడెన్సీ, మూడేళ్లకు శాశ్వత నివాసానికి దరఖాస్తు. కాహా అనే ప్రభుత్వ వైద్య వ్యవస్థలో చేరడం తప్పనిసరి, ఆదాయాన్ని బట్టి చందా కట్టాలి, ఉన్న జబ్బు చూపించి వద్దనరు. ఆ దేశానికి 1948 నుంచి సైన్యమే లేదు. ఆ మిగిలిన డబ్బు ఎక్కడికి పోయిందో ఆసుపత్రులు చూస్తే తెలుస్తుందంటారు. పోర్చుగల్ కూడా, పన్ను రాయితీ పోయినా, నా లెక్కలో కిందికి పడదు. డీ7 వీసాకు అక్కడి కనీస వేతనమంత ఆదాయం, 2025లో 870 యూరోలు, చూపాలి. ఐదేళ్లకు శాశ్వత నివాసం. ప్రభుత్వ వైద్యంలో చోటు ఉంటుంది. అయితే లిస్బన్‌లో చిన్న ఇంటి బాడుగే వెయ్యి యూరోలు దాటుతోంది కాబట్టి, పెన్షన్‌కు తోడు ఇంకేదైనా ఆదాయం ఉన్నవాళ్ల మాట ఇది. థాయిలాండ్, దుబాయ్ నా లిస్టులో అడుగుకు పోతాయి, అవి ఎంత అందంగా ఉన్నా.

లిస్టుల వాళ్లు ఎప్పుడూ చెప్పని దేశం ఒకటుంది, నేపాల్. 1950 ఒప్పందం వల్ల మనకు వీసా అక్కర్లేదు. వాళ్ల రూపాయి 1993 నుంచి మన రూపాయికి 1.6 దగ్గర కట్టేసి ఉంది, కాబట్టి పెన్షన్ ఏ ఏటికాయేడు కరిగిపోదు. ఇల్లు కొనలేం, పెద్ద జబ్బు చేస్తే అక్కడివాళ్లే ఢిల్లీ వైపు వస్తారు. అయినా పోఖరాలో చల్లగా రెండు మూడేళ్లు ఉండి రావాలనుకునేవాడికి అంతకన్నా సులువైన విదేశం లేదు. దాన్ని ఎవరూ పొగడకపోవడానికి కారణం, అక్కడ విదేశీయులకు అమ్మడానికి ఫ్లాట్లు లేకపోవడమేనని నా అనుమానం. మారిషస్‌లో యాభై దాటినవాళ్లకు రిటైర్మెంట్ పర్మిట్ ఉంది, ఉగాదికి సెలవు కూడా ఉంది. కోరంగి రేవు నుంచి కూలీలుగా వెళ్లిన మనవాళ్ల సంతతి అక్కడ ఇంకా పండగ చేసుకుంటారు. కాకపోతే ప్రతి నెలా డాలర్ల లెక్కన డబ్బు తెప్పించుకుంటూ ఉండాలి. రూపాయి పెన్షనర్‌కు అది తలకు మించినది.

మనవాళ్లలో ఎక్కువమందికి విదేశమంటే పనామా కాదు, పిల్లలున్న చోటు. అక్కడా ఇదే గీటురాయి. అమెరికాలో పౌరుడైన కొడుకు తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు తెప్పించగలడు. కానీ 65 దాటినవాళ్లు అక్కడ పనిచేసిన చరిత్ర లేకపోతే, ఐదేళ్లు నిలకడగా ఉన్నాకే మెడికేర్ డబ్బు పెట్టి కొనుక్కోగలరు. ఈలోపు అనంతపురంలో ఏడాది దాటి ఉండిపోతే కార్డుకే ఎసరు. కెనడా సూపర్ వీసా మీద ఒక్క విడతలో ఐదేళ్ల దాకా ఉండనిస్తుంది, కానీ లక్ష కెనడా డాలర్ల ఆరోగ్య బీమా మనమే తెచ్చుకోవాలి. అది సందర్శకుడి కాగితమే, ఎన్నేళ్లున్నా సందర్శకుడే.

మా అమ్మాయి టొరంటోలో ఉంది. "నాన్నా, ఇల్లు అమ్మేసి వచ్చేయండి" అంటుంది. వాళ్లమ్మ పని మనిషి గురించి అడిగింది. మంచాన పడితే ఎవరు చూస్తారని. అనంతపురంలో అయితే పగటికి ఒకామె, రాత్రికి ఒకామె దొరుకుతారు, ఆలస్యంగా వస్తారు, మానేస్తారు, మళ్లీ ఇంకొకరు దొరుకుతారు. ఇంకో సంగతి డాక్టర్లు చెప్పేదే. మతిమరుపు జబ్బు ముదిరితే చాలామందిలో తర్వాత నేర్చుకున్న భాష ముందు పోతుందంటారు. బ్యాంకు ఇంగ్లీషు నాకు ఎప్పటిదాకా ఉంటుందో తెలీదు. "నీళ్లు" అని అడిగితే అర్థం కాని నర్సు చేతిలో పడటం కన్నా బీపీ మిషన్ సరిగ్గా పట్టుకోలేని మా వీధి కాంపౌండరే నయం. 2024 ఏప్రిల్ నుంచి ఇక్కడ 65 దాటినా కొత్తగా ఆరోగ్య బీమా తీసుకోవచ్చు, డెబ్బై దాటినవాళ్లకు ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల దాకా ఉంది. గొప్ప ఏర్పాటని అనను. క్లెయిమ్ పెట్టినవాళ్లకు తెలుసు. అయినా అది ఏ అధికారి దయా లేకుండా ఎనభై ఏళ్లప్పుడు కూడా నాదే.

కాబట్టి మేం తేల్చుకున్నది ఇది. ఎండాకాలం మొదలవగానే అమ్మాయి దగ్గరికి పోయి, ఆరు నెలలు దాటకుండా దసరాకు ముందే వచ్చేయడం. 182 రోజులు ఇక్కడ ఉంటే రెసిడెంట్ హోదా చెడదు, పన్ను చెడదు, ఖాతా చెడదు. ఇల్లు ఉంటుంది. దీన్ని విదేశంలో రిటైర్ కావడం అనరని మా అమ్మాయి అంటుంది. అనకపోతే పోనీ.

లెక్చరర్ మిత్రుడికి ఇదంతా చెప్పాను. ఆయన విన్నాడు గానీ ఒప్పుకోలేదు. "నీకు చెప్పడానికి బాగుంటుందప్పా. నీ భార్య ఉండాది, నీ కూతురు రోజూ ఫోన్ చేస్తాది. ఈడ మాత్రం నాకెవరుండారు? ఎనభై ఏళ్లకు ఈడైనా ఆడైనా ఒకటే" అన్నాడు. ఆయన భార్య పోయి కొన్నేళ్లయింది, కొడుకుతో మాటల్లేవు. ఈ మాటకు నా గీటురాయి పనికిరాదు. కాగితం గట్టిగా ఉండటం వేరు, ఇంట్లో మనిషి ఉండటం వేరు. అక్కడి సముద్రం ఒడ్డున తనలాంటి ఒంటరివాళ్లతో ఓ నాలుగేళ్లు సంతోషంగా ఉండగలిగితే, తర్వాతి సంగతి తర్వాత అనుకునే హక్కు ఆయనకు ఉంది. నేను పట్టుబట్టింది ఒక్కటే, ఇల్లు అమ్మొద్దని. బీమా పాలసీలో రెన్యువల్ ఏ వయసు దాకా ఇస్తారో రాతపూర్వకంగా అడిగి తీసుకోమని కూడా చెప్పాను. మేడ మీద పోర్షన్ బాడుగకు ఇచ్చి, కింద తాళం వేసి, ఈ చలికాలం మొదట రెండు నెలలు ఉండి చూసొస్తానన్నాడు. బీమా కంపెనీ నుంచి జవాబు ఇంకా రాలేదు.